ఆకు పదును



జనవరి నెలాఖరు. తెల్లవారుజాము నాలుగున్నర. టంగుటూరు, కొండపి, కందుకూరు చుట్టుపక్కల ఏ పల్లెలో ఉన్నా ఈ వేళప్పుడు ఒక చప్పుడు వినపడుతుంది. పొగాకు బ్యారన్ తలుపు తీస్తున్న చప్పుడు అది. పొయ్యి ఆరి ఒక పగలు, ఒక రాత్రి గడిచింది. రైతు తలపాగా సర్దుకుని గడప దగ్గర నిలబడతాడు. చేతికందిన కర్ర నుంచి ఒక ఆకును పిడికిట్లోకి తీసుకుంటాడు. మెల్లిగా నొక్కి వదులుతాడు. వదిలాక ఆ ఆకు ఏం చేస్తుందో టార్చిలైటు వెలుగులో చూస్తాడు.

పిడికిలి విప్పగానే ఆకు గలగలమని పొడిగా రాలిందంటే తలుపు అలాగే తెరిచి ఉంచి ఇంకో గంట ఆగుతాడు. నొక్కింది నొక్కినట్టే ముద్దగా ఉండిపోతే తేమ ఎక్కువ పట్టేసిందని కంగారుపడతాడు. నిద్రలేచిన పసిపిల్ల ఒళ్లు విరుచుకున్నట్టు ఆకు నెమ్మదిగా ముడత విప్పుకుని వెడల్పయితే, అప్పుడు వెనక్కి తిరిగి ఇంట్లోవాళ్లను కేకేస్తాడు: "లేవండి, ఆకు పదునుకొచ్చింది!"

ఈ "పదును" అనే మాట గురించే ఇవాళ నేను మాట్లాడబోతున్నాను. దున్నడానికి నేలకు పదును కావాలని మనందరికీ తెలుసు. మరీ తడిగా ఉంటే నాగలి దిగబడుతుంది, మరీ ఎండితే పెళ్లలు లేస్తాయి. కోసి, ఎండబెట్టి, పచ్చిదనమంతా పోగొట్టిన ఆకుకు కూడా అలాంటి పదునే ఒకటి ఉంటుంది. ఎండిన ఆకులోనూ కొంత తేమ నిలవాలి. ఆ కొంతను ఎంత దగ్గర నిలపాలో తెలిసినవాడే మా ప్రాంతంలో మంచి రైతు.

మొదటే ఒక మాట చెప్పి ముందుకెళతాను. పొగాకు మనిషి ఒంటికి చేసే చేటు అందరికీ తెలిసిందే. మా ఇంట్లోనే ఆ చేటుకు ఒక మనిషిని పోగొట్టుకున్నాం. తాగమని గానీ నమలమని గానీ చెప్పడానికి నేనిక్కడికి రాలేదు. కానీ మా తాతల కాలం నుంచి వేల కుటుంబాలు ఈ ఆకు ఆరబెట్టే పని చేస్తున్నాయి. ఆ పనిలో ఒక విద్య ఉంది. దాన్ని ఎక్కడా పూర్తిగా రాసిపెట్టలేదు, చేతిలోంచి చేతిలోకి వచ్చింది. ఆ చేతుల కోసమే ఈ ప్రసంగం.

బ్యారన్ చూడని శ్రోతల కోసం దాని రూపం చెబుతాను. నాలుగు గోడల ఎత్తైన గది. కిటికీలుండవు. అడుగున గోడవారగా గాలి కన్నాలు, పైకప్పులో వెంటిలేటర్లు, వాటిని మూయడానికీ తెరవడానికీ తాళ్లు. బయట పొయ్యి. పొయ్యిలో పుట్టిన వేడి, పొగ లావాటి రేకు గొట్టాల గుండా గదిలోపల తిరిగి పొగగొట్టంలోంచి పైకి పోతాయి. పొగ ఆకును తాకనే తాకదు, గొట్టం వేడి మాత్రమే తాకుతుంది. గదిలో కింది నుంచి పైదాకా వరసలు వరసలుగా అడ్డదూలాలు. రెలిచి, అంటే చెట్టు నుంచి తెంచి, తెచ్చిన ఆకును కర్రలకు కట్టి ఆ దూలాల మీద వేలాడదీస్తారు. వర్జీనియా పొగాకును ఇలా ఆరబెట్టే పద్ధతి 1920ల నాటికి గుంటూరు ప్రాంతానికి చేరింది. తరవాత ప్రకాశం, నెల్లూరు, పశ్చిమ గోదావరి జిల్లాలకు పాకింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వచ్చింది. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. 1985 నుంచి మన దగ్గర వేలం పాటలు మొదలయ్యాయి. చరిత్ర ఇంతవరకు చాలు. ఆకు దగ్గరికి వద్దాం.

పొలంలోంచి వచ్చిన పచ్చి ఆకు బరువులో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీరే. ఆరేడు కిలోల పచ్చి ఆకు పెడితే కిలో ఎండాకు రావడం కష్టం. కొత్తగా ఈ పని చూసినవాళ్లు, "నీళ్లు పోవడమేగా కావాలి, మంట పెంచితే రెండు రోజుల్లో అయిపోతుందిగా!" అంటారు. మా నాన్న ఈ మాటకు ఎప్పుడూ నోటితో జవాబు చెప్పలేదు. పెరట్లోంచి ఒక పచ్చి పొగాకు తెంచి పొయ్యి పక్కన పెట్టేవాడు. పావుగంటలో అది కరకరలాడేలా ఎండేది. రంగు మాత్రం పచ్చగానే ఉండేది. దాన్ని చేతికిచ్చి, "వాసన చూడు" అనేవాడు. ఎండుగడ్డి వాసన. నోట్లో పెడితే చేదు, వగరు. "ఇది చచ్చింది గానీ పండలేదు" అనేవాడు.

ఈ ఆరబెట్టే పనినే క్యూరింగ్ అంటారు. దాని సారమంతా ఆ మాటలోనే ఉందని నాకు చాలా ఏళ్ల తరవాత తెలిసింది.

చెట్టు నుంచి తెంచిన ఆకు వెంటనే చావదు. రెండు మూడు రోజులు బతికే ఉంటుంది. వేళ్ల నుంచి నీళ్లు రావు, ఎండ లేదు, కొత్తగా అన్నం వండుకోలేదు. అందుకని తనలో దాచుకున్నదే కరిగించుకు తింటుంది. ఆకులో నిలవున్న పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆకుపచ్చనిచ్చే పత్రహరితం విరిగిపోతుంది. దాని కింద మొదటినుంచీ ఉన్న పసుపు బయటపడుతుంది. అరటిగెలను గదిలో పెట్టి మాగబెట్టినప్పుడు కాయలో జరిగేదీ ఇంచుమించు ఇదే. ఈ మార్పులన్నిటికీ ఆకు బతికి ఉండాలి, బతకడానికి దానిలో నీళ్లుండాలి. కాబట్టి మొదటి రెండు రోజులు రైతు నీళ్లు తీసే పనే పెట్టుకోడు. కన్నాలన్నీ మూసేస్తాడు. పొయ్యిలో మంట సన్నగా ఉంచి లోపలి వేడిని 90 నుంచి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య నిలబెడతాడు. మా వైపు ఇప్పటికీ లెక్క ఫారెన్‌హీట్‌లోనే. సెంటీగ్రేడ్‌లో అయితే 32 నుంచి 38 అనుకోండి. గాలిలో తేమ బాగా ఉండాలి. తేమ చాలకపోతే బ్యారన్ నేల మీద నీళ్లు చల్లుతారు. ఎండబెట్టే గదిలో నీళ్లు చల్లడమేంటని మొదటిసారి చూసినవాళ్లు విస్తుపోతారు. ఆకు ఎండకుండా పండాలి, అంతే.

ఈ పండటం 36 నుంచి 48 గంటలు పడుతుంది. అడుగు ఆకుకు తక్కువ, కొస ఆకుకు ఎక్కువ. అడుగు ఆకు పలచన, నీళ్లెక్కువ, పిండి తక్కువ, తొందరగా పండుతుంది. పై ఆకు దళసరి, మొండిది. పచ్చి ఆకూ ముదురు ఆకూ కలిపి రెలిచి ఒకే బ్యారన్‌లో ఎక్కిస్తే, ఒకటి పండేలోగా ఇంకొకటి నల్లబడుతుంది. అందుకే రెలుపు రోజే సగం క్యూరింగ్ అయిపోతుందంటారు. చెట్టుకు రెండు మూడు ఆకులు, అదీ అడుగు నుంచి, పచ్చదనం మీద లేత పసుపు తేలినవి మాత్రమే. వారం ఆగి మళ్లీ పైవి. ఇలా ఆరేడు రెలుపులు.

ఆకు పండిందని ఎలా తెలుస్తుంది? చూసే కన్నం అని గోడలో అద్దం బిగించిన ఒక చిన్న రంధ్రం ఉంటుంది. రాత్రిళ్లు దాంట్లోంచి లైటు వేసి చూస్తుండేవాళ్లం. ముందు ఆకు కొసలూ అంచులూ పసుపు పచ్చబడతాయి. తరవాత ఆ పసుపు ఈనెల మధ్యకు పాకుతుంది. చివరికి ఆకంతా పసుపై నడిమి ఈనె, దాని పక్క చారలు మాత్రమే లేత పచ్చగా మిగులుతాయి. ఆకు కూడా గలగలలాడదు, వాడి గుడ్డలా మెత్తగా వేలాడుతుంది. అదీ సమయం. ఇంకాసేపు అలాగే ఉంచితే ఆకు తన చక్కెర తానే తినేసి గోధుమరంగులోకి దిగిపోతుంది. ముందుగా వేడి పెంచితే పచ్చ అలాగే అతుక్కుపోతుంది. ఆ తరవాత దేవుడు దిగివచ్చినా ఆ పచ్చ పోదు. వేలం కేంద్రంలో ఆ ఆకు బేలు ముందుకొచ్చేసరికి కొనేవాళ్ల చేతులు వెనక్కిపోతాయి.

ఇక్కడి నుంచి రైతు ఆకును చంపే పనిలో పడతాడు. మాట కరుకుగా ఉన్నా నిజం ఇదే. పసుపు రంగూ తీపీ ఎక్కడ ఉన్నాయో అక్కడే ఆపాలంటే ఆకులో ప్రాణం పోవాలి. అడుగు కన్నాలు, పై వెంటిలేటర్లు కొద్దికొద్దిగా తెరుస్తూ గంటకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున వేడి పెంచుకుంటూ పోతారు. 100 నుంచి 120, అక్కడి నుంచి 140. లోపల రెండు థర్మామీటర్లుంటాయి. ఒకటి మామూలుది, ఇంకొకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. ఆకు రేకు, అంటే ఈనె కాక మిగిలిన పలచని భాగం, ఎండేదాకా ఆ తడిగుడ్డ మీటరు 105 దాటకూడదు. దాటిందంటే నీళ్లింకా నిండుగా ఉన్న ఆకు మీద వేడి ఆవిరి పట్టి ఆకు ఉడికిపోతుంది. ఉడికిన ఆకు గోధుమరంగు మచ్చలతో తెల్లారేసరికి ముదురు బెల్లంలా కనిపిస్తుంది. కన్నాలు తెరవడం ఆలస్యమైనా ముప్పే: తేమ కదలక ఆకు స్పాంజిలా మెత్తబడి రంగు మాసిపోతుంది. ఈ ఒక్కరోజు మా ఇంట్లో ఎవరూ సరిగా పడుకునేవాళ్లు కాదు. నాన్న పొయ్యి దగ్గర, పెదనాన్న తాళ్ల దగ్గర, నేను టార్చి పట్టుకుని ఇద్దరి మధ్యన.

రేకు ఎండిపోయాక కూడా నడిమి ఈనెలో నీళ్లు దాగి ఉంటాయి. రైతు తడబడే ఘట్టం ఇదే. ఈనె ఎండాలంటే వేడి 160 దాకా తీసుకెళ్లాలి, ఒకటి రెండు రోజులు అక్కడే ఉంచాలి. అప్పటికి రేకు కాగితంకన్నా పెళుసై ఉంటుంది. చూసేవాడికి, "అయ్యో, ఎండిపోయింది, ఇక ఆపుదాం" అనిపిస్తుంది. ఆపితే ఏమవుతుందో చెబుతాను. ఈనెలో మిగిలిన నీళ్లు తరవాత ఆకును మండెగా, అంటే కుప్పగా పేర్చినప్పుడు రేకులోకి ఊరతాయి. అక్కడ బూజు పుడుతుంది. ఒక్క తడి ఈనె పక్కనున్న పది ఆకుల్ని పాడుచేస్తుంది. అలాగని మంట ఆపకుండా ఇంకా లాగితే కట్టె దండగ, పైగా 165 దాటాక ఆకులో చక్కెర మాడి పసుపు కాస్తా ఎర్రబారుతుంది. ఈనెను మధ్యకు వంచి చూడాలి. వంగితే ఇంకా ఉంది. టప్పున విరిగితే అయిపోయింది. దాన్ని కూడా ఒక్క కర్ర మీద చూస్తే చాలదు. గోడ మూలల్లో, గొట్టాలకు దూరంగా, అన్నిటికన్నా పై వరసలో, నాలుగు చోట్ల చూడాలి. నాలుగు చోట్లా విరగాలి. ఆ క్షణాన మంట ఆర్పాలి. అరగంట ముందూ వద్దు, అరపూట తరవాతా వద్దు.

ఇక నా చిన్నప్పుడు జరిగిన ఒక సంగతి.

నేను తొమ్మిదో తరగతి. ఆ ఏడు కూలీలు దొరకలేదు. తరవాతి రెలుపు ఆకు పొలంలో ముదిరిపోతోంది, బ్యారన్ ఖాళీ చేయాలి. ముందు రోజు సాయంత్రం పొయ్యి ఆర్పాం. రాత్రి మంచు పడలేదు. పడమటి గాలి తిరిగింది. పొద్దున పదింటికి నాన్న ఇక ఆగలేక, "మెల్లిగా దించుదాం, జాగ్రత్తగా పట్టుకుంటే ఏం కాదు" అన్నాడు. మొదటి కర్ర నా చేతికి అందించాడు. కర్రను భుజం మీద పెట్టుకోగానే చెవి పక్కన ఎండు తాటాకు నలిగిన చప్పుడు. వీపు మీదుగా పొడి జారింది. వెనక్కి తిరిగి చూస్తే తలుపు దగ్గర నుంచి నా కాళ్లదాకా పసుపు దారి పరిచినట్టుంది. కర్రకు ఈనెలు మిగిలాయి, వాటి చుట్టూ చిరుగులు మిగిలాయి. ఇంకో రెండు కర్రలు దించి నాన్న ఆపేశాడు. నేల మీద పడ్డ ఆకు తునకను తీసి వెలుగుకు పట్టాడు. చక్కటి నిమ్మపండు రంగు. మచ్చ లేదు. ఆ సీజన్‌లో మా బ్యారన్‌లో అంతకన్నా మంచి రంగు తేలలేదు. "అయిదు రాత్రులు కూచుని పండించింది ఒక్క పూట ఆగలేక పొడి చేశాను" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తలుపు బార్లా తెరిచి, వెంటిలేటర్లన్నీ ఎత్తి, అరుగు మీద కూర్చున్నాడు. మర్నాడు తెల్లవారుజామున గాలి తూర్పుకు తిరిగింది, మంచు దిగింది. మిగతా బ్యారన్ దక్కింది.

చూశారా, ఎండు ఆకు తడి పీల్చుకుంటుంది. దూదిలాంటిది. చుట్టూ ఉన్న గాలిలో తేమ ఎక్కువైతే తాగుతుంది, తక్కువైతే వదులుతుంది. ఈ గుణాన్ని వాడుకోవడమే పదును పెట్టడం. దక్షిణ ప్రకాశంలో రెలుపులు జనవరి నుంచి మార్చి దాకా సాగుతాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో రాత్రి మంచూ సముద్రపు గాలీ ఈ పనిని ఉచితంగా చేసిపెడతాయి. పొయ్యి ఆర్పి లోపల చల్లబడ్డాక, సాయంత్రం తలుపు, కన్నాలు, వెంటిలేటర్లు అన్నీ తెరిచి వదిలేయడమే. తెల్లారేసరికి ఆకు మెత్తబడుతుంది. మార్చి వచ్చేసరికి మంచు తగ్గుతుంది. అప్పుడు బ్యారన్ నేల తడపాలి, తడి గోనెపట్టాలు గోడవారగా పరవాలి, తలుపుకు తడిగుడ్డ కట్టాలి. తేమ గాలిలోంచి ఆకుకు వెళ్లాలి.

గాలిలోంచి అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, తొందరలో కొందరు ఆకు మీదే నేరుగా నీళ్లు చిలకరిస్తారు. నాకు చాలా బాధ కలిగించే పని ఇది. నీటి చుక్క పడ్డచోట ఆకు మీద నల్లటి మచ్చ తేలుతుంది. పడనిచోట పొడిగానే ఉంటుంది. పైకి మెత్తగా తగులుతుంది కనక అదే పదునని మండె వేస్తారు. నాలుగు రోజులకు మండె మధ్యలో వేడి పుడుతుంది, పది రోజులకు బూజు. కొందరు తూకం పెరుగుతుందని కూడా చిలకరిస్తారు. వేలం కేంద్రంలో ఒక్క బేలు విప్పి చూస్తే చాలు, ఆ రైతు మిగతా బేళ్లన్నిటి మీదా అనుమానం పడుతుంది. తూకంలో వచ్చిన నాలుగు రూపాయలకు ధరలో నలభై పోతాయి.

పదునుకు ఒక కొలత అడిగితే, అమ్మకానికి సిద్ధమైన ఆకులో నూటికి సుమారు పన్నెండు నుంచి పద్నాలుగు పాళ్లు తేమ ఉంటుంది. తేమ కొలిచే మీటర్లూ వచ్చాయి, మంచిదే, వాడండి. కానీ మా అమ్మ ఆకు మీద చెయ్యి వేసి, "ఇది ఇప్పుడే ముట్టుకోకండి, ఇంకో గంట" అని చెప్పిన రోజుల్లో మీటరు లేదు. ఆవిడ చెవితో కూడా చూసేది. కర్రను మెల్లిగా కదిపి వినేది. గలగలమంటే పెళుసు. బరబరమంటే ఇంకా రావాలి. పట్టుచీర మడత మార్చినట్టు చప్పుడైతే వచ్చింది.

దించడంతో ఆకు పని అయిపోదు. అసలు మంచి పొగాకు మండెలో తయారవుతుంది. ఈనెలు బయటికి, కొసలు లోపలికి వచ్చేలా వరసలు పేర్చి, నేల తేమ తగలకుండా కింద చెక్కలూ గడ్డీ వేసి, పైన పట్టా కప్పుతారు. ఆకు మూడు నాలుగు వారాలు అలా మాగుతుంది. అక్కడక్కడా మిగిలిన లేత పచ్చ తగ్గుతుంది, రంగు ఒకతీరుకు వస్తుంది, గాటు వాసన మెత్తబడి కమ్మదనం దిగుతుంది. ఇక్కడా పదునే కాపాడుతుంది. మరీ ఎండిన ఆకు మండెలో మాగదు, అలాగే చచ్చిపడి ఉంటుంది. తడి ఆకు కుళ్లుతుంది. రోజూ ఒకసారి మండె మధ్యకు చెయ్యి దూర్చి చూడాలి. లోపల వెచ్చగా తగిలితే ఆలస్యం చేయకుండా మండె తిరగెయ్యాలి: పైవి కిందికి, లోపలివి బయటికి. ఇంట్లో ఆవకాయ జాడీ ఎలా చూసుకుంటామో అలా.

నిప్పు లేకుండా ఆరబెట్టే ఆకులూ ఉన్నాయి. గోదావరి లంకల్లో చుట్టలకు పండించే లంక పొగాకును పందిళ్ల కింద నీడన వేలాడదీసి ఆరబెట్టి, తరవాత మండె వేస్తారు. మన్యంలో పండే బర్లీ ఆకునూ నీడలోనే వారాల తరబడి ఆరబెడతారు. నీడలో మెల్లగా ఆరే ఆకు చాలా రోజులు బతికి ఉంటుంది, తన చక్కెరంతా తానే తినేస్తుంది. అందుకే బర్లీలో తీపి దాదాపు మిగలదు, రంగు గోధుమ. వర్జీనియాను నిప్పుతో సరిగ్గా తీపి దగ్గర ఆపుతాం, అందుకే అది పసుపు, అందులో చక్కెర నిండు. మొక్క రకమూ వేరే, నేలా వేరే, ఒప్పుకుంటాను. అయినా ఆకు ప్రాణం ఎప్పుడు పోయిందన్నది ఆ తేడాలో పెద్ద భాగం. నీడన ఆరబెట్టేవాళ్లకూ గండం ఒకటే. వేసవి గాలి పందిట్లోకి కొడితే ఆకు పచ్చిగానే కరకరలాడిపోతుంది. అందుకే పందిరి పడమటి వైపు తడికలు కడతారు. అది చూసినప్పుడల్లా నాకు మా బ్యారన్ కన్నాలు గుర్తొస్తాయి. పని ఒకటే: గాలిని పట్టి ఉంచడం, వదలడం.

వంటింట్లో వినే అమ్మలకు కూడా ఈ మాట పనికొస్తుంది. పుదీనా, కరివేపాకు, మునగాకు మిట్టమధ్యాహ్నం ఎండలో పరిచి పెళపెళలాడేలా ఎండబెడితే రంగు వెలిసి వాసన ఎగిరిపోతుంది. ఆకులోని సువాసన నూనెలు వేడికి నీళ్లతోపాటే పోతాయి. నీడన గాలాడేచోట ఆరబెట్టండి. కాడ టప్పున విరగాలి, ఆకు నలిపితే వాసన చేతికంటాలి. ఆరగానే గాలి చొరని డబ్బాలో పెట్టండి. మర్నాడు డబ్బా లోపలి గోడ మీద చెమ్మ కనిపిస్తే కాడలో ఇంకా నీళ్లున్నట్టు. తీసి మళ్లీ ఆరబెట్టాల్సిందే.

మళ్లీ మా బ్యారన్‌కు వస్తాను. ఇంత సేపూ రైతు, రైతు అన్నాను. నిజానికి ఈ పనిలో ఎక్కువ చేతులు ఆడవాళ్లవి. రెలిచేది వాళ్లు, కర్రలకు ఆకు కట్టేది వాళ్లు, గ్రేడింగ్ షెడ్లో కూర్చుని ఒక్కొక్క ఆకూ విప్పి రంగు, మచ్చ, పొడుగు చూసి కుప్పలు వేసేది వాళ్లు. పదును తప్పిన ఆకు వచ్చిన రోజు ఆ షెడ్డంతా దుమ్ము. సాయంత్రానికి దగ్గు, కళ్ల మంట. ఆకు పెళుసుగా ఉంటే రైతుకు పోయేది డబ్బు, వాళ్లకు పోయేది ఊపిరి. ఇంకొక బాధ పొలంలో ఉంది. మంచుతో తడిసిన పచ్చి ఆకును ఒట్టి చేతులతో రెలిస్తే అందులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. తల తిరగడం, వాంతులు, గుండె దడ. మా చిన్నప్పుడు "ఆకు కొట్టింది" అని మజ్జిగ ఇచ్చి చెట్టు కింద పడుకోబెట్టేవాళ్లు. అది ఆకు విషం అని ఇప్పుడు తెలుసు. పొద్దెక్కి మంచు ఆరాక రెలుపు మొదలుపెట్టండి. చేతులకు గ్లౌజులు, ఒంటికి పొడుగు చేతుల చొక్కా ఇవ్వండి. పిల్లల్ని ఆ ఆకు దగ్గరికి రానివ్వకండి.

కట్టె సంగతి కూడా చెప్పాలి. కిలో ఎండాకుకు నాలుగైదు కిలోల కట్టె మండుతుంది. ఒకప్పుడు బొగ్గు, ఇప్పుడు సరుగుడు, జామాయిల్, సుబాబుల్. అరపూట అనవసరంగా మండిన పొయ్యి అంటే ఎక్కడో ఒక చెట్టు. పైకప్పు కింద వేడి జారిపోకుండా గడ్డో పొట్టో పరిస్తే, గోడ పగుళ్లు పూడిస్తే, గొట్టాల అతుకులు బిగిస్తే కట్టె తగ్గుతుంది. గొట్టాల మీద ఎండాకు రాలితే బ్యారన్ మొత్తం అంటుకుంటుంది. ఏటా ఏదో ఒక ఊళ్లో వింటూనే ఉన్నాం. అందుకే గొట్టాల పైన వల కట్టండి. ఈనె విరిగిందని తెలిసిన క్షణాన మంట ఆర్పడం ఆకుకూ మంచిది, అడవికీ మంచిది, ఇంటికీ మంచిది.

ఈ సీజన్‌లో బ్యారన్ ఎక్కించబోతున్న రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నాదొక్కటే విన్నపం. పసుపు తేలేదాకా మంట పెంచకండి. నాలుగు మూలలా ఈనె విరిగేదాకా ఆర్పకండి. ఆర్పాక మాత్రం తలుపు తెరిచి ఒక రాత్రి ఆకును దాని మానాన వదిలేయండి. తెల్లవారుజామున లేచి ఒక్క ఆకు పిడికిట్లోకి తీసుకుని నొక్కి వదలండి. అది దానంతట అది విప్పుకునేదాకా రెండో కర్ర దించకండి.